అంకెలై మిగిలిన మామూ నక్షాలు

మొన్న శుక్రవారం పొద్దున చాయ్ గ్లాసు పక్కన పెట్టుకుని కంప్యూటర్ స్విచ్ వేస్తే, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో, అసలు డిస్కే కనపడటం లేదని చెప్పి ఊరుకుంది. ముందు రోజు సాయంత్రం దాకా ఏ మూలుగూ ముక్కూ లేకుండా పనిచేసిన ఎస్‌ఎస్‌డీ అది. వరంగల్లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ కంప్యూటర్ ల్యాబులో టెక్నీషియన్‌గా చేరి, అదే ల్యాబులో జుట్టు నెరిసి రిటైరైన దాన్ని నేను, ఇలాంటివి నాకు కొత్త కాదు కాబట్టి మొదట నవ్వొచ్చింది, పది నిమిషాలకు చిరాకొచ్చింది, గంటకు ఒళ్లు మండింది. కేబుల్ మార్చాను, పోర్టు మార్చాను, పెన్‌డ్రైవ్‌లో ఉన్న లినక్స్‌తో పైకి లేపి డిస్కుల జాబితా చూశాను, అందులో పెన్‌డ్రైవ్ ఒక్కటే దిక్కు లేనట్టు కూర్చుని ఉంది. పక్కింటి వాళ్ల కంప్యూటర్‌కు తగిలించి చూశాను, అక్కడా అంతే. చాయ్ ఎప్పుడు చల్లారిందో కూడా తెలియలేదు.

ఆటో ఎక్కి చౌరస్తా దగ్గర దుకాణానికి తీసుకుపోతే, అక్కడి మనిషి దాన్ని ఒకసారి తన మిషన్‌కు పెట్టి, నా మొహం వంకైనా చూడకుండా, "ఇది పోయింది మేడం. డేటా రాదు. కొత్తది ఏస్కోండ్రి" అని తిరిగి చేతిలో పెట్టాడు. ఎందుకు పోయింది నాయనా, దాని రిపోర్టు ఏమన్నా చదివావా, కంట్రోలరు పోయిందా చిప్పు పోయిందా అని నేను అడుగుతుంటే, ఆయన అప్పటికే వెనకాల నిలబడ్డ మనిషి ఫోన్ అందుకున్నాడు. అందులో నాకు ప్రాణం పోయేంత వస్తువులేమీ లేవు, పెళ్లిళ్ల ఫొటోలు, పింఛను కాగితాలు, నేను అడపాదడపా రాసుకున్న నాలుగు ముక్కలు, మా మేనమామ, అంటే మామూ, నేతకు గీసుకున్న నక్షాల బొమ్మలు. ఆ నక్షాల అచ్చులు మంచం కింద రేకు పెట్టెలో భద్రంగా ఉన్నాయి గనుక వాటి దిగులు లేదు. అయినా ఆ మనిషి చెప్పిన తీరు మాత్రం ఇంటికి వచ్చేదాకా గుచ్చుతూనే ఉంది.

మన కాలపు హార్డ్ డిస్కులకు ఇంత మొండితనం ఉండేది కాదు. పోయే ముందు చెప్పేవి. టిక్కు టిక్కుమని కొట్టుకునేవి, ఫైలు తెరవమంటే తాత్సారం చేసేవి, మీలో ఎవరైనా ఆ రోజుల్లో డిస్కు మీద చెవి పెట్టి విన్నవారుంటే నేనేమంటున్నానో తెలుస్తుంది. అలా సణుక్కుంటూనే, పాత కాపీలు ఎక్కడైనా దొరుకుతాయేమోనని అటక మీది సీడీల డబ్బా దించాను. దుమ్ముకు తుమ్ములు వచ్చి, ఒక్కొక్క సీడీ తీసి చూస్తుంటే, నా చేతిరాతతో "స్కానర్ పరీక్ష" అని రాసి ఉన్నది ఒకటి బయటపడింది. దాన్ని పట్టుకుని అక్కడే కింద కూలబడ్డాను. ఎందుకో చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు ల్యాబు అంటే ఒక పొడుగాటి గది, చెప్పులు బయట విడిచి లోపలికి రావాలనే బోర్డు, రెండు ఏసీలుంటే ఒకటే పనిచేయడం, గోడ మూలకు ఒక సర్వరు. విండోస్ కొనే స్తోమత కాలేజీకి లేదనో, ఉన్నా ఇష్టం లేదనో తెలియదు గానీ, మా హెచ్‌వోడీ సారు హైదరాబాదు నుంచి లినక్స్ సీడీలు తెప్పించి, ఇక దీన్ని నువ్వే చూసుకోవాలి అని నా మెడకు తగిలించారు. చెప్పేవాళ్లు లేరు. ఇంటర్నెట్ టెలిఫోను తీగ మీద వచ్చీ రానట్టు వచ్చేది. సీడీలోనే ఉండే ఇంగ్లీషు పేజీలు అచ్చు తీసి, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదువుకుని, తప్పులు చేసి, మళ్లీ చేసి నేర్చుకున్నాను. రెండు మూడేళ్లు గడిచేసరికి ఆ సర్వరు నా మాట వింటుందని, నాకు తెలియనిది దాంట్లో ఏదీ లేదని నాకు కొంచెం పొగరు కూడా వచ్చింది. ఆ పొగరే నా కొంప ముంచింది.

మా అమ్మ తమ్ముడు, మా మామూ, జంపఖానాలు నేసేవారు. ఇంట్లో ముందు గది అంతా మగ్గమే, మనుషులు దాని పక్కనుంచి ఒదిగి నడవాలి. పేక పోగులను పంజాతో కొట్టి బిగిస్తుంటే వచ్చే చప్పుడు మా చిన్నతనమంతా ఉంది. నేసే పని వాళ్ల నాన్న, అంటే మా నానా, నేర్పింది. ఏ నమూనా అయినా ముందు గళ్ల కాగితం మీద గడి గడికీ రంగు నింపి గీసుకునేవారు, దాన్నే నక్షా అంటారు. నానా గీసినవీ, మామూ గీసినవీ కలిపి నూటికి పైగా నక్షాలు ఆ రేకు పెట్టెలో ఉండేవి, వేరే నేతగాళ్ల కంట పడకుండా దానికి తాళం. ప్రతి కాగితం నెత్తిన 786 అని రాసి ఉండేది, బిస్మిల్లా అన్నట్టు. ఆ అంకె వేయనిదే మా నానా పెన్సిల్ ముందుకు కదిపేవారు కాదట.

ఆ నక్షాల్లో ఒకటి అన్నిటికంటే పెద్దది. మా వాడకట్టు మసీదులో నమాజుకు జనం వరుసగా నిలబడేందుకు పరిచే పొడుగాటి జంపఖానా ఒకటి ఉండేది, నిలబడే మనిషికొక కమాను చొప్పున నేసింది. అది మా నానా నేసి మసీదుకు ఇచ్చిన జంపఖానా. నేను బాగా చిన్నగా ఉన్నప్పుడు మా అబ్బా, అంటే నాన్న, వెంట పోయి దాని మీద దొర్లానని అంటారు, నాకు ఎర్ర రంగు తప్ప ఏమీ గుర్తు లేదు. ఏళ్లు గడిచి అది చీలికలైపోయింది, పీలికలు కూడా మిగల్లేదు. మసీదు కమిటీ వాళ్లు మిషను మీద చేసిన ప్లాస్టిక్ చాపలు తెస్తామని అనుకుంటుంటే, మామూకు రోషం వచ్చి, మా నాయిన నేసినదాన్నే మళ్ల నేసి ఈ రంజాన్‌కు పరుస్త అని అందరి ముందు మాట ఇచ్చి వచ్చారు. నక్షా పెట్టెలో ఉంది కదా అన్న ధైర్యం ఆయనది.

తీరా పెట్టె తెరిచి చూస్తే అడుగున చెద పట్టింది. ఇంకా పెద్దగా తినలేదు గానీ, అంచులు పోయాయి, ముట్టుకుంటే రాలుతున్నాయి. అప్పుడు నేను పెద్ద మనిషిలా ముందుకొచ్చి, ల్యాబులో కొత్తగా స్కానరు వచ్చింది, అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించేస్తాను, అక్కడ చెదలూ ఉండవు తడీ ఉండదు అన్నాను. మొదట మసీదు నక్షాతో కలిపి ఓ పదిహేను కాగితాలు స్కాన్ చేసి, ఒక సీడీ మీద రాసి, కాలేజీ సామాను వాడుకుంటున్నాను గనుక అనుమతి కోసం హెచ్‌వోడీ సారుకు చూపించాను. సారు బాగున్నాయమ్మా కానివ్వు అని, ఆ సీడీ తన డ్రాయర్‌లో వేసుకుని మరిచిపోయారు, నేనూ మరిచిపోయాను. ఆ తర్వాత నెలన్నర పాటు మధ్యాహ్నం అన్నం బాక్సు గబగబా ముగించి, రోజుకు రెండో మూడో కాగితాలు సర్వరులోకి ఎక్కించాను. ఒక్కోదానికి మామూ చెప్పిన పేరు పెట్టాను. చివరి కాగితం అయిన రోజు పెట్టె తిరిగి ఇచ్చేస్తూ, ఇక ఈ కాగితాలతో పని లేదు మామూ, అవి పోయినా ఏం కాదు అన్నాను. ఆ మాట ఎంత గర్వంగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆయన దాన్ని నిజమని నమ్మారు. వారం తర్వాత ఇంటికి పోతే పెట్టె ఖాళీగా ఎండలో ఆరుతోంది. కాగితాలేవీ అని అడిగితే, "పని లేదంటివి గద బేటీ. మీద 786 ఉండె, మోరిల పడేస్తమా, కాలవెడ్తమా? మంచిగ బట్టల కట్టి పారే కాల్వల ఇడిశిపెట్టిన" అన్నారు, ఒక బాధ్యత తీరిన మనిషిలాగా. మా ఇళ్లల్లో అంతే, పవిత్రమైన రాత ఉన్న కాగితం పాడైతే పారే నీళ్లకు అప్పగించడమే పద్ధతి, అందులో ఆయన తప్పేమీ లేదు. సర్వరు ఉంది, అందులో రెండో డిస్కు మీద కాపీ ఉంది, ఇంకేం కావాలి అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

దసరా సెలవులకు ముందు రోజు ల్యాబులో ఆయుధ పూజ జరిగేది. అందరం ఉండేవాళ్లం, నేనూ ప్రసాదం తినేదాన్ని, ఏ పట్టింపూ లేదు. ఆ ఏడు మా అటెండరన్నకు భక్తి ఎక్కువై, సర్వరు పక్క రేకు విప్పి, లోపలి దుమ్మంతా గుడ్డతో తుడిచి, హార్డ్ డిస్కులకు పసుపు కుంకుమ పెట్టి, మళ్లీ రేకు బిగించాడట. నాకు ఈ సంగతి అప్పుడు తెలియదు. సెలవులు ముగిసి వచ్చి చూస్తే సర్వరు నత్తనడక నడుస్తోంది, తెర మీద తప్పుల వరుసలు ఒకదాని వెనక ఒకటి పారుతున్నాయి, డిస్కు చదవలేకపోతున్నానని, మళ్లీ ప్రయత్నిస్తున్నానని. రంజాన్ ఇంకా నెలన్నర కూడా లేదు, మామూ అప్పటికే పడుగు పోసుకుని, నక్షా అచ్చు తీసి పంపమని రెండుసార్లు కబురు పెట్టి ఉన్నారు.

అప్పుడు నేను చేసిన పని మీలో లినక్స్ తెలిసినవాళ్లు వింటే నవ్వుతారో తిడతారో. డిస్కు చెడిందని తేల్చేసుకున్నాను. తెర మీద వచ్చిన ఆ వరుసను చివరిదాకా చదివి ఉంటే, తప్పు డిస్కులో లేదు, డిస్కు నుంచి వచ్చే దారిలో ఉందని అది చెబుతూనే ఉంది. పైగా రెండో డిస్కు కూడా అవే తప్పులు చూపిస్తోంది, రెండు డిస్కులు ఒకే రోజు చెడిపోతాయా అని చిన్నపిల్లలకైనా అనుమానం రావాలి, నాకు రాలేదు. గాభరాలో ఫైళ్ల వ్యవస్థను సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకే అనే ఆజ్ఞ ఇచ్చి, అది ప్రతిదానికీ సరిచేయనా అని అడుగుతుంటే విసుగొచ్చి, అన్నిటికీ అవుననే జవాబు ముందే ఇచ్చేసి కూర్చున్నాను. దారిలో చెడి వస్తున్న సమాచారాన్ని అది నిజమనుకుని, బాగున్న వాటిని కూడా బాగు చేస్తానని కెలికి పెట్టింది. రెండు గంటలు అదలా పారుతుంటే, నేనేదో వైద్యం చేస్తున్నానని అనుకున్నాను.

అది ముగిశాక చూస్తే నక్షాల ఫోల్డరే లేదు. సరే, రెండో డిస్కులో కాపీ ఉందిలే అనుకున్నాను, మర్నాడు ఆదివారమని మాత్రం గుర్తు రాలేదు. ప్రతి ఆదివారం మొదటి డిస్కును చూసి రెండోదాన్ని అచ్చం దానిలాగే దిద్దాలని, ఇందులో లేనిది అందులోనూ ఉండొద్దని, నేనే సర్వరుకు హుకుం రాసి పెట్టాను. అది నా హుకుం తు.చ. తప్పకుండా పాటించింది. సోమవారం పొద్దున రెండో డిస్కులోనూ నక్షాలు లేవు. ఆ యంత్రం మీద అంత కోపం నాకు మళ్లీ ఎప్పుడూ రాలేదు, చెప్పినట్టు విన్నందుకే కోపం. కుర్చీని ఒక్క తన్ను తన్నితే నా కాలి వేలు వాచింది, అదొకటి మిగిలింది.

అప్పుడు గానీ పక్క రేకు విప్పి చూడాలన్న బుద్ధి పుట్టలేదు. చూస్తే డిస్కుల నెత్తిన కుంకుమ బొట్లు, రెండు డిస్కులనూ బోర్డుకు కలిపే ఆ వెడల్పాటి పట్టీ కేబుల్ ఒక పక్క సగం ఊడి వేలాడుతోంది. అటెండరన్నను పిలిస్తే, "దుమ్ము వట్టి ఉండె మేడం, అంత మంచిగ తుడ్శి బొట్టు వెట్టిన" అన్నాడు. మంచికి చేశానన్న మొహం. అతణ్ని ఏమనాలి? వేలితో ఒక్క నొక్కు నొక్కాను, టక్కున కూర్చుంది, తప్పుల వరుసలు ఆగిపోయాయి, డిస్కులు రెండూ గుండ్రాయిల్లా ఉన్నాయి. మూడు రోజుల నా తెలివితేటలన్నీ కలిపి ఆ ఒక్క నొక్కుకు సరిపోలేదు. ఏడుపొచ్చి, బాత్రూముకు పోయి మొహం కడుక్కుని వచ్చాను.

తప్పిపోయి దొరికిన ఫైళ్ల కోసమని లినక్స్‌లో ఒక ఫోల్డరు ఉంటుంది, సొంతదారు తెలియని వాటన్నిటినీ ఎఫ్‌ఎస్‌సీకే తెచ్చి అందులో పడేస్తుంది. అది తెరిచి చూస్తే వందలకొద్దీ ఫైళ్లు, ఒక్కదానికీ పేరు లేదు, ఉత్త అంకెలు. ఒక్కోటి తెరుస్తూ పోయాను, పిల్లల రికార్డులు, ఎవరివో ప్రోగ్రాములు, అటెండెన్సు పట్టీలు, మధ్య మధ్య మామూ గళ్ల కాగితాలు. అయితే వాటిలో చాలావాటికి పైభాగమే ఉంది, కింద మొత్తం బూడిద రంగు. ఏది ఏ నక్షానో నాకు తెలియదు. ఇక దాచి లాభం లేదని, మామూ ఇంటికి పోయి మగ్గం పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాను. కేబుల్ గురించీ ఆదివారం గురించీ ఆయనకేం అర్థమైందో తెలియదు. పంజా కింద పెట్టి, మిగిలినవి చూపియ్యి అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం ఇస్త్రీ చొక్కా వేసుకుని కాలేజీకి వచ్చి, బోర్డు చదవకుండానే చెప్పులు బయట విడిచి, కంప్యూటర్ ముందు మర్యాదగా కూర్చున్నారు. నేను ఒక్కో అంకె మీద నొక్కుతుంటే, ఇది పాలకుర్తి షావుకారు ఇంట్లకు నేసింది, ఇది మీ అమ్మ పెండ్లికి నేసింది అని ఆయన పేర్లు చెబుతూ పోయారు, నేను అంకెలు చెరిపి పేర్లు రాసుకున్నాను. సగం బూడిదైపోయిన మొదటి బొమ్మ రాగానే నేను తల దించుకున్నాను. ఆయన మాత్రం అద్దం ఉందా అని అడిగారు. నా హ్యాండ్‌బ్యాగులోని చిన్న అద్దం తీసిస్తే, దాన్ని బూడిద రంగు మొదలైన గీత దగ్గర మానిటరుకు ఆనించి నిలబెట్టారు. పై సగం అద్దంలో కింది సగమై, నక్షా మొత్తం కనబడింది. "సగం సాలు బేటీ, మేమెప్పుడు సగమే గీస్తుంటిమి, మిగిలింది అద్దం గీస్తది" అన్నారు. నేతలో కుడి ఎడమలూ, కింద మీదలూ ఒకటే కదా, ఆ చిన్న సంగతి కంప్యూటర్ చదివిన నాకు తట్టలేదు. సగానికి పైగా మిగిలిన ప్రతి నక్షా అలా బతికింది. వారం రోజులు మధ్యాహ్నాలు వచ్చి కూర్చున్నారు, ఏడో ఎనిమిదో తప్ప అన్నీ దొరికాయి.

మసీదు నక్షా చివరి రోజున దొరికింది. తెరవగానే ఇద్దరం ఒకేసారి గుర్తుపట్టాం, పైన కమాను శిఖరాలు వరుసగా, వాటి మధ్య ఎర్ర నేల. మూడో వంతు దాటగానే బూడిద రంగు. దానికి అద్దం పనిచేయదు, కమానుకు పైన శిఖరం, కింద కాళ్లు నిలిపే చోటు, రెండూ ఒకటి కావు. మామూ అద్దం ఎత్తబోయి మళ్లీ బల్ల మీద పెట్టేశారు. వాళ్ల నాన్న చేతి గీత అది ఒక్కటే, దాన్ని నమ్మి ఊరందరి ముందు మాట ఇచ్చారు, కాగితాన్ని నా మాట నమ్మి కాల్వలో వదిలారు. ఆయన చాలాసేపు తెరను చూసి, దీన్ని కాగితం మీద అచ్చు తియ్యి, కింద ఖాళీ ఉంచు అన్నారు. అచ్చు తీసిస్తే జేబులోంచి పెన్సిల్ తీసి, ముందు నెత్తిన ఉన్న 786 మీదే మళ్లీ ఒకసారి దిద్ది, కింది ఖాళీలో గళ్లు గీసుకుని, కమాను కాళ్లూ, వాటి కింద బర్ఫీ ముక్కల్లాంటి గళ్ల అంచూ తడుముకోకుండా గీసుకుపోయారు. నిజంగా ఇంతేనా మామూ, నాకోసం చెప్పడం లేదు కదా అని రెండుసార్లు అడిగాను. ఆయన తల ఎత్తకుండా, "గిదే బేటీ. నాయిన పక్కన కూసోని నేసినోన్ని, నాకు తెల్వదా? ఏం పోలే" అన్నారు.

ఆ రెండు ముక్కలు విని నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. రంజాన్‌కు రెండు రోజుల ముందు జంపఖానా మగ్గం దిగింది, మసీదులో పరిచారు. ఆడవాళ్లం లోపలికి పోం కాబట్టి నేను చూడలేదు. మా ఆయన నమాజు నుంచి వచ్చి, బాగుంది, అందరూ మెచ్చుకున్నారు, ముసలివాళ్లు కొందరు మాత్రం కాసేపు కాళ్ల దగ్గరికే చూస్తూ నిలబడ్డారు, మామూ భుజం తట్టి పోయారు అని చెప్పాడు. పనితనం చూసి మురిసిపోయారని అనుకున్నాను. ఆ తర్వాత మామూ పట్టుబట్టి అన్ని నక్షాలూ అచ్చు తీయించి, ఒక్కోదాని మీద 786 దిద్ది, రేకు పెట్టెలో వేపాకు పరిచి పెట్టి, నీ దగ్గరే ఉంచు అని నాకే ఇచ్చారు. అంత చేసిన నాకే ఇచ్చారు. ఆయన పోయి కూడా చాలా ఏళ్లయింది. ఆ జంపఖానా కూడా అరిగిపోయి, దాని చోట ఇప్పుడు మిషను కార్పెట్ ఉంది.

హెచ్‌వోడీ సారు రిటైరైనప్పుడు ఆయన డ్రాయర్‌లోని సీడీలన్నీ ఎవరో తెచ్చి ల్యాబులో పోస్తే, నేను చూడకుండానే నా డబ్బాలో వేసుకుని, నా రిటైర్‌మెంటు రోజున ఇంటికి తెచ్చుకున్నాను. మొన్న అటక మీద దొరికింది ఆ సీడీనే. అన్నేళ్లు అది నా నెత్తి మీదే ఉంది. ఒకవైపు బూజు పట్టి, గీతలు పడి ఉంది. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడిచి, పాత డీవీడీ డ్రైవ్ వెతికి తగిలించి, పెన్‌డ్రైవ్‌లోని లినక్స్‌తోనే చదివించడం మొదలుపెట్టాను. తిరుగుతుంది, ఆగుతుంది, గురకపెడుతుంది, తప్పు అంటుంది. చదవగలిగినంత ముందు చదివి, రాని చోట్లకు మళ్లీ మళ్లీ పోయి అడిగే ప్రోగ్రాము ఒకటుంది, దాన్ని పెట్టి, ఈసారి ప్రతి వరుసా చివరిదాకా చదువుకుంటూ, అవును కాదు ఆచితూచి చెప్పుకుంటూ కూర్చున్నాను. మధ్యాహ్నం జొహర్ నమాజుకు మొదలుపెడితే సాయంత్రం అసర్ వేళకు నూటికి నూరూ వచ్చింది.

మసీదు నక్షా తెరిచాను. మొత్తం ఉంది, నెత్తిన నానా చేతి 786 తో సహా. పెట్టెలోంచి మామూ పెన్సిల్‌తో నింపిన కాగితం తీసి తెర పక్కన పట్టుకున్నాను. పైన మూడో వంతు ఒకటే. కింద ఒకటి కాదు. నానా కమానుల కింద బర్ఫీ గళ్లు లేవు. ప్రతి మనిషి కాళ్ల దగ్గరా మూడు మెట్లు, మెట్ల పక్కన చిన్న నీళ్ల కూజా, నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వుజూ చేసి ఇప్పుడే వచ్చి నిలబడినట్టు. అసలు పోలికే లేదు. నాయిన పక్కన కూర్చుని నేసిన మనిషికి అది తెలియకుండా ఉంటుందా, లేక నిజంగానే మరిచిపోయి, మరిచానన్న సంగతి నాకు తెలియనీయకుండా గీసుకుపోయారా, ఇక అడగడానికి ఎవరూ లేరు. ఆ ముసలివాళ్లకు మాత్రం ఆ రోజే తెలుసు. తెలిసీ భుజం తట్టి పోయారు. నాన్న నక్షా పోయిందన్న దుఃఖం పక్కన పెట్టి, అక్కబిడ్డ మొహం చూసి మామూ ఏం పోలేదన్నారు, ఊరి ముసలివాళ్లూ ఆయనతో కలిసి ఆ మాటే నిలబెట్టారు. ఇన్నేళ్లూ నేను దాన్ని నా అదృష్టమని అనుకుంటూ, కేబుళ్లనూ డిస్కులనూ అటెండరన్ననూ తిట్టుకుంటూ బతికాను.

కొత్త ఎస్‌ఎస్‌డీ కొన్నాను, కొనక తప్పలేదు. చప్పుడు లేదు, వేగం ఎక్కువ, ఎప్పుడు పోతుందో చెప్పదు. పోయిన రోజు దుకాణం మనిషి మొహం చూడకుండా పోయిందనే అంటాడు, అతను చెప్పేది నిజమే, తప్పు పట్టలేం. నానా నక్షాను అచ్చు తీసి పెట్టెలో పెడదామని నెత్తిన 786 రాయబోతే అది అప్పటికే అక్కడ ఉంది. దాన్ని కింద పెట్టి, మామూ గీసినదాన్ని దాని మీద పెట్టి తాళం వేశాను. అన్నీ పక్కాగా చెప్పే యంత్రాలు ఇంటినిండా ఉన్నాయి, ఏం పోలే బేటీ అని నాకు అబద్ధం చెప్పే మనిషి మాత్రం ఒక్కరూ లేరు.